ఇచ్చిన కిడ్నీ ఎవరిది, చికిత్స ఎవరి కోసం?

ఆచార్య నాగార్జునుని పేరు మీద ఒక పెద్ద వ్యాఖ్యాన గ్రంథం ఉంది. మూలం దొరకలేదు. క్రీ.శ. 5వ శతాబ్దం మొదట్లో కుమారజీవుడు చేసిన చీనీ అనువాదం మాత్రమే మిగిలింది. దాన్ని నిజంగా నాగార్జునుడే రాశాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎవరు రాసినా, అందులో వచ్చే ఒక కథ ఈనాటి మన ప్రశ్నకు దగ్గరగా ఉంది.

పని మీద దూరం పోతున్న ఒక మనిషి రాత్రిపూట పాడుబడ్డ ఇంట్లో పడుకుంటాడు. ఒక రాక్షసుడు శవాన్ని మోసుకొస్తాడు. వెనకనే ఇంకొకడు వచ్చి ఆ శవం తనదంటాడు. ఎవరు తెచ్చారో చెప్పమని ఇద్దరూ ఆ మనిషినే అడుగుతారు. ఎటు చెప్పినా చావు తప్పదని తెలిసి అతడు నిజమే చెబుతాడు. మొదటివాడే తెచ్చాడంటాడు. రెండోవాడు మండిపడి అతని చేయి పీకేస్తాడు. మొదటివాడు శవం చేయి తీసి అతికిస్తాడు. అలా చేతులు, కాళ్లు, తల, మొండెం అన్నీ మారిపోతాయి. పీకిన శరీరాన్ని ఇద్దరూ పంచుకు తిని మూతి తుడుచుకొని పోతారు. మిగిలిన మనిషికి మతి పోయినంత పనవుతుంది. అమ్మానాన్నలు ఇచ్చిన ఒళ్లు కళ్లముందే పోయింది, ఇప్పుడున్నది పరాయిది, ఇక తనకు శరీరం ఉన్నట్టా లేనట్టా అని దారి పొడుగునా అదే ఆలోచన. ఒక స్తూపం దగ్గర భిక్షువులు కనిపిస్తే వాళ్లనే అడుగుతాడు. నీ శరీరం మొదటి నుంచీ ‘నేను’ కాదు, ఈ రోజు కొత్తగా పరాయిది కాలేదు, ధాతువులు కూడినచోట ‘నాది’ అనుకున్నావు అంతే అని వాళ్లు చెబుతారు.

రాక్షసుల కథే కదా అని మనలోని హేతువాదులు నవ్వవచ్చు. కానీ 1954లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక కవల సోదరుని కిడ్నీని రెండో సోదరునికి అమర్చిన నాటి నుంచి ఆ మనిషి ప్రశ్న ఆసుపత్రి వార్డుల్లోకి వచ్చేసింది. మన దేశంలో 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె మార్పిడి జరిగింది. అదే ఏడాది మానవ అవయవాల మార్పిడి చట్టం వచ్చింది. మన ఉద్దానం పల్లెల్లోనైతే డయాలసిస్ అన్న మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అవయవం అతికింది. ఆ తర్వాత మనసు విరిగితే? విరిగిన మనసుకు కరెంటు పెట్టాలని వైద్యులు అంటే? ధమ్మాన్ని నమ్ముకున్నవాళ్లం ఏమని సలహా చెప్పాలి? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఇదే.

ఒక ఇల్లు, అయిదు గొంతులు

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తమ్ముడికి 38 ఏళ్లు. కిడ్నీలు పాడైతే అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఎనిమిది నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత అతడు మాట తగ్గించాడు. నిద్ర పోయింది. తిండి మానేశాడు. చివరికి మాత్రలు కూడా మింగడం లేదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు సాధారణంగా వాడే టాక్రోలిమస్‌ను రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో వేసుకోవాలి. కొన్నాళ్లు మానేస్తే ఒంట్లోని రక్షణ శక్తి ఆ కిడ్నీని పరాయిదిగా చూసి దాడి చేస్తుంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది, అంత వ్యవధి లేదు, ఈసీటీ ఇద్దాం అని మానసిక వైద్యులు చెప్పారు.

అమ్మ అంటుంది: ‘నా కొడుక్కు కరెంటు పెట్టొద్దు. వాడేం పిచ్చివాడు కాదు.’

అక్క మొగుడు, అంటే బావ అంటాడు: ‘మా ఆవిడ ఒళ్లు కోయించుకొని ఇచ్చింది. వీడు దాన్ని మట్టిపాలు చేస్తున్నాడు. సంతకం పెట్టండి, షాకులు ఇప్పించండి.’

ధమ్మ మిత్రుడొకాయన అంటాడు: ‘మనసు జబ్బుకు మనసే మందు. పది రోజుల ధ్యాన శిబిరానికి పంపండి.’

తమ్ముడు మెల్లగా అంటాడు: ‘అక్క కిడ్నీని పాడుచేశాను. నేను పోతేనే నయం.’

భార్య ఏమీ అనదు. సంతకం పెట్టాల్సింది మాత్రం ఆమె.

ఇది ఊహే. అయినా ఇందులోని ప్రతి మాటా మన ఇళ్లలో వినబడేదే. ఒక్కొక్క మాటనే తీసుకొని చూద్దాం.

అమ్మ భయం

అమ్మ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. 1938లో రోమ్ నగరంలో ఉగో చెర్లెత్తి, లూచియో బీనీ అనే ఇద్దరు వైద్యులు తలకు విద్యుత్తు పెట్టి మూర్ఛ తెప్పించే ఈ చికిత్సను మొదలుపెట్టారు. మొదటి సంవత్సరాల్లో మత్తు లేదు, కండరాలను సడలించే మందు లేదు. మూర్ఛ తీవ్రతకు వెన్నుపూసలు విరిగిన రోగులున్నారు. చికిత్స కోసం కాక క్రమశిక్షణ కోసం షాకులిచ్చిన మానసిక ఆసుపత్రులు ప్రపంచంలో చాలాచోట్ల ఉండేవి. మన దేశంలో కూడా మత్తు లేకుండా, నలుగురు మనుషులు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుని ఇచ్చే పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. అలా అదిమి పట్టబడింది ఎవరు? ఎందుకిస్తున్నారని అడిగే దిక్కు లేని పేదలే ఎక్కువ. ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న పేర్లు మన భాషలో తిట్లుగా మారిపోయాయి. సినిమాలు మిగతా పని చేశాయి. అమ్మ మాటలో ఉన్నది ఈ జ్ఞాపకం.

ఇప్పటి పద్ధతి వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మత్తు, కండర సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకు ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతితోపాటు బోర్డు ముందస్తు అనుమతి కూడా ఉండాలి. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసర చికిత్స పేరుతో ఈసీటీ ఇవ్వకూడదు. రోగిని నిద్రపుచ్చి, ఆక్సిజన్ పెట్టి, కొన్ని సెకన్లపాటు కొలిచిన విద్యుత్తును తలకు పంపుతారు. మెదడులో వచ్చే మూర్ఛ సాధారణంగా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. ఒళ్లు ఎగిరిపడదు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున మొత్తం 6 నుంచి 12 సార్లు ఇవ్వడం మామూలు. తిండి, నీళ్లు మానేసినవాళ్లకు, బిగుసుకుపోయి మాట పలుకు లేనివాళ్లకు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వదలనివాళ్లకు మందులకన్నా వేగంగా పనిచేస్తుంది.

నష్టాలను దాచకూడదు. తలనొప్పి, కొన్ని గంటల అయోమయం తరచూ వస్తాయి. జ్ఞాపకాలు కొన్ని పోతాయి. చాలామందికి చాలావరకు తిరిగి వస్తాయి. కొందరికి చికిత్స ముందటి నెలల సంగతులు ఎప్పటికీ తిరిగి రావు. పైగా ఈసీటీతో కథ ముగియదు. 2001లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఈసీటీతో కోలుకున్నాక ఉత్తుత్తి మాత్రలు మాత్రమే పొందినవాళ్లలో నూటికి 84 మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్, లిథియం కలిపి తీసుకున్నవాళ్లలో అది నూటికి 39.

ప్రజ్ఞ కత్తి వంటిదని బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో వివరించారు. శీలం ఉన్నవాని చేతిలో అది ఆపదలో ఉన్నవానిని కాపాడుతుంది, శీలం లేనివాని చేతిలో హత్యకు పనికొస్తుంది. ఈసీటీకి ఇంతకన్నా సరైన కొలత మాకు కనిపించలేదు. ఆ యంత్రం మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. ఎవరి మేలు కోసం, ఎవరి సమ్మతితో, ఎంత జాగ్రత్తతో అన్న మూడు ప్రశ్నలకు జవాబు వస్తే దాని సంగతి తేలుతుంది.

మార్పిడి జరిగిన శరీరంలో

అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఈసీటీ ఇవ్వచ్చా? కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి అయినవారికి జాగ్రత్తగా ఇచ్చి, మేలు జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అవి విడివిడి రోగుల వివరాలే తప్ప పెద్ద పరీక్షలు కావు. కాబట్టి ఇది గుడ్డిగా వద్దనేదీ కాదు, గుడ్డిగా సరేననేదీ కాదు.

మొదట చూడాల్సింది, ఇది నిజంగా డిప్రెషనేనా అని. టాక్రోలిమస్ రక్తంలో ఎక్కువైతే చేతులు వణకడం, అయోమయం, మూర్ఛ, ఒక్కోసారి మతిభ్రమణ కూడా రావచ్చు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు మనసును కుంగదీయగలవు, విపరీతంగా పైకి లేపగలవు. రక్షణ శక్తిని అణచిన ఒంట్లో మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకవచ్చు. కిడ్నీ పని తగ్గి మలినాలు పేరుకున్నా మనిషి మందగిస్తాడు. ఒక రక్త పరీక్ష చేసి మోతాదు సరిచేస్తే తగ్గిపోయే జబ్బుకు తలకు కరెంటు పెట్టడం శీలం లేని ప్రజ్ఞే.

అవన్నీ కాదని తేలాక ఈసీటీకి ఒక అనుకూలత కనిపిస్తుంది. మనసు మందుల్లో కొన్ని మార్పిడి మందులతో కలహిస్తాయి. ఫ్లూవోక్సమిన్ టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ స్థాయిలను పెంచుతుంది. డిప్రెషన్ కోసం కొందరు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఆ స్థాయిలను పడగొట్టి, అమర్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించే దాకా తెచ్చిన ఉదంతాలున్నాయి. లిథియం ఒంట్లోంచి బయటకు పోయేది కిడ్నీ ద్వారానే గనుక, అక్క ఇచ్చిన ఒక్క కిడ్నీతో బతికే మనిషికి అది ప్రమాదంతో కూడిన మందు. విద్యుత్తుకు ఈ తగాదాలు లేవు. కానీ ఈసీటీ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా కాపాడే మందుల్లో ముఖ్యమైన లిథియమే ఇతనికి సులువుగా ఇవ్వలేనిది కావడం గమనించాలి. ఈసీటీ అయ్యాక ఏమిటి అన్న ప్రశ్నకు ముందుగానే జవాబు ఉండాలి.

అవయవాన్ని బట్టి జాగ్రత్తలు కూడా మారతాయి. మూర్ఛ సమయంలో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అమర్చిన కిడ్నీకి అది మంచిది కాదు, అదుపు చేయాలి. కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ రక్తంలో పొటాషియం పెంచుతుంది. కిడ్నీ సరిగా పనిచేయనివారిలో ముందే పొటాషియం చూసుకోవాలి. గుండె మార్పిడి అయినవారి సంగతి ఇంకా వేరు. కొత్త గుండెకు వెళ్లే నరాలు కోసేసి ఉంటాయి. మామూలు మనిషికి ఈసీటీ మొదట్లో గుండె వేగం పడిపోతే అట్రోపిన్ ఇస్తారు. నరాలు తెగిన గుండెపై అట్రోపిన్ పనిచేయదు. మత్తు డాక్టరు వేరే మందులు సిద్ధం చేసుకోవాలి. అంటే ఈ చికిత్సకు మానసిక వైద్యుడు ఒక్కడు చాలడు. మార్పిడి వైద్యుడు, మత్తు వైద్యుడు, మానసిక వైద్యుడు ఒకచోట కూర్చుని మాట్లాడాలి. కుటుంబం అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘మీరు ముగ్గురూ మాట్లాడుకున్నారా?’ అన్నదే.

ధమ్మ మిత్రుడి సలహా

ధ్యానం గొప్పదే. కానీ తిండి మానేసి, మంచం పట్టి, చావు మాట మాట్లాడుతున్న మనిషిని పది రోజుల మౌనంలో కూర్చోబెట్టడం ధ్యానం కాదు, నిర్లక్ష్యం. తీవ్రమైన మానసిక వ్యాధి ఉందా అని ధ్యాన కేంద్రాల దరఖాస్తులే అడుగుతున్నాయంటే కారణం ఇదే. ఒంటికి జబ్బు లేనివారు దొరుకుతారు గాని మనసుకు క్షణమైనా జబ్బు లేనివారు అరుదని తథాగతుడు చెప్పిన మాట లోభ, ద్వేష, మోహాల గురించి. దాన్ని తెచ్చి ఆసుపత్రి జబ్బు మీద అతికించి, ‘నీకు సాధన తక్కువైంది’ అనడం రోగిని నిందించడమే.

ఇంకొందరు పూర్వకర్మ అంటారు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఇదే అడిగాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ గతంలో చేసినదాని ఫలమేనా? కాదన్నాడు బుద్ధుడు. పిత్తం, శ్లేష్మం, వాతం, అవన్నీ కలవడం, రుతువుల మార్పు, సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, ఇలా కారణాలు చెప్పి, కర్మను వాటిలో ఒకటిగా మాత్రమే పెట్టాడు. ఆ జాబితాను నేటి మాటల్లోకి తెస్తే టాక్రోలిమస్ కూడా అందులో చేరుతుంది. పూర్వజన్మ కర్మ పేరుతో కోట్లమంది దుఃఖాన్ని సమర్థించడాన్ని బాబాసాహెబ్ జీవితమంతా తిరస్కరించారు. మనసు జబ్బు విషయంలో మనం మళ్లీ ఆ గోతిలో పడకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా మహిమతో నయమవుతుందని చెప్పి గొలుసులతో కట్టేసిన మానసిక రోగుల షెడ్డుకు నిప్పంటుకుంది. పారిపోలేక 28 మంది చనిపోయారు. వైద్యం ఉండాల్సిన చోట మహిమను పెడితే జరిగేది ఇది. మహిమ స్థానంలో మన ధ్యానాన్ని పెట్టినా ఫలితం వేరుగా ఉండదు.

దానం అప్పు కాదు

ఇక బావ మాట. ఇదే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. ఎందుకంటే బావ చికిత్స వద్దనడం లేదు, ఇప్పించమంటున్నాడు. పైకి చూస్తే వైద్యుల పక్షం. కానీ కారణం వినండి: కిడ్నీ వృథా అవుతోంది. ఇప్పుడు తమ్ముడి మాట మళ్లీ వినండి: కిడ్నీని పాడుచేశాను, నేను పోతేనే నయం. ఇద్దరూ చెబుతున్నది ఒక్కటే. కిడ్నీ విలువైనది, దాన్ని మోస్తున్న మనిషి కాదు. జబ్బు అతని చెవిలో రాత్రింబవళ్లు చెబుతున్న మాటనే బావ పగటిపూట గట్టిగా చెబుతున్నాడు.

ధమ్మంలో దానం అంటే విడిచిపెట్టడం. ఉపాసకుని త్యాగాన్ని వర్ణించేటప్పుడు పాళీలో ‘ముత్తచాగ’ అన్న మాట వస్తుంది. చేతిలోంచి పూర్తిగా వదిలిన త్యాగం అని అర్థం. ఇచ్చేముందు సంతోషం, ఇస్తున్నప్పుడు ప్రసన్నత, ఇచ్చిన తర్వాత తృప్తి ఉండాలని బుద్ధుడు చెప్పాడు. వదిలిన తర్వాత దాని మీద లెక్క అడిగే హక్కు ఉండదు. లెక్క అడిగితే అది అప్పు. చట్టం కూడా అవయవాన్ని అమ్మడం కొనడం నేరమన్నది. డబ్బు తీసుకోవడం నేరమైనచోట, కృతజ్ఞత పేరుతో ఒక మనిషి తల మీద హక్కు తీసుకోవడం ఎలా న్యాయమవుతుంది?

అక్క బాధ బాధ కాదా అని అడగవచ్చు. బాధే. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ, పుచ్చుకునేవారిలో పురుషులే ఎక్కువ. ఇల్లంతా తనవైపే చూస్తున్నప్పుడు ఆ అక్క ఎంత స్వేచ్ఛగా సరేనందో కూడా మనం అడగాలి. ఆమె ఆరోగ్యాన్ని ఏటేటా చూసుకోవాలి. ఆమె దిగులును ఎవరైనా కూర్చుని వినాలి. అయితే ఆమెకు మనం పడ్డ బాకీని తమ్ముడి చేత కట్టించకూడదు.

కిడ్నీ పోతే పోనీయమంటున్నామా? అది కూడా కాదు. కిడ్నీ పోతే మళ్లీ డయాలసిస్, అలసట, బహుశా చావు. అదంతా అతని దుఃఖం. అందువల్ల కిడ్నీ తప్పకుండా లెక్కలోకి వస్తుంది. అక్క ఇచ్చిన ఆస్తిగా రాదు, అతని ఆరోగ్యంగా వస్తుంది. మాటలో చిన్న తేడా, చేతలో పెద్ద తేడా. ఆస్తిగా చూస్తే, కిడ్నీ ఇప్పటికే చెడిపోయిందని తెలిసిన రోజున అతనికి డిప్రెషన్ వైద్యం చేయించే కారణమే మిగలదు. అతని దుఃఖాన్ని చూస్తే ఆ రోజు వైద్యం మరింత అవసరమవుతుంది. ఇంకొక సంగతి. మానసిక జబ్బు ఉన్నవారికి అవయవం ఇస్తే వృథా అన్న అనుమానంతో వారిని మార్పిడికి దూరంగా ఉంచే ధోరణి కూడా ఈ ఆస్తి లెక్కలోంచే పుట్టింది. మానసిక రోగిని శారీరక రోగితో సమానంగా చూడాలని 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. సమానత్వం కోసం బౌద్ధంలోకి వచ్చినవాళ్లం, ఈ సెక్షన్ మనదే అనుకోవాలి.

గగ్గ భిక్షువు

చివరికి, భార్య సంతకం. తమ్ముడు వద్దంటే?

వినయ పిటకంలో గగ్గుడు అనే భిక్షువు ఉన్నాడు. అతనికి మతి చెడింది. ఉపోసథం ఒకప్పుడు గుర్తుంటుంది, ఒకప్పుడు ఉండదు. ఒకసారి వస్తాడు, ఒకసారి రాడు. బుద్ధుడు అతన్ని సంఘం నుంచి వెళ్లగొట్టలేదు. అతని స్థితిని సంఘమంతా కలిసి అధికారికంగా గుర్తించేలా, అతడు వచ్చినా రాకపోయినా ఉపోసథం చెల్లేలా ఏర్పాటు చేశాడు. మతి బాగుపడ్డాక ఆ ఏర్పాటును తీసేయమన్నాడు. జబ్బులో చేసిన పనులకు కొందరు భిక్షువులు అతన్ని నిలదీస్తే, మతిలేనప్పుడు చేసిన దానికి అతడు బాధ్యుడు కాడని తేల్చే పద్ధతిని కూడా నియమించాడు.

ఇందులో మూడు సంగతులున్నాయి. మతి ఒకప్పుడు ఉంటుంది, ఒకప్పుడు ఉండదు. దాన్ని తేల్చేది ఏ ఒక్కరి కోపమో అవసరమో కాదు, అందరి ముందు జరిగే నిర్ణయం. ఆ నిర్ణయం శాశ్వతం కాదు. 2017 చట్టం దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. వైద్యుడు చెప్పినది అర్థం చేసుకోగలడా, దాని పర్యవసానం గ్రహించగలడా, తన నిర్ణయం తెలపగలడా అన్నవే 4వ సెక్షన్ చూడమన్న సంగతులు. నిర్ణయం మనకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి శక్తి లేదనకూడదని కూడా అందులోనే ఉంది. శక్తి లేనప్పుడు ప్రతినిధి తాత్కాలికంగా సమ్మతి ఇవ్వవచ్చు. 89వ సెక్షన్ కింద చేర్చుకున్నవారి విషయంలో ప్రతి 7 రోజులకు ఆ శక్తిని మళ్లీ చూడాలి.

కాబట్టి మా జవాబు రెండు ముక్కలు. తమ్ముడు విషయం గ్రహించి, తూకం వేసుకుని, ‘జ్ఞాపకాలు పోతాయని భయం, ఈసీటీ వద్దు’ అంటే బలవంతం చేయకూడదు. కిడ్నీ పోయే ప్రమాదం ఉన్నా చేయకూడదు. ఈ మాట రాయడం మాకు తేలిక కాలేదు. వేరే మందులు జాగ్రత్తగా వాడదాం, పక్కన కూర్చుందాం, రేపు మళ్లీ అడుగుదాం. ‘నువ్వు అనాత్మవాదివి కదా, జ్ఞాపకాలు పోతే ఏం?’ అని మాత్రం ఎవరూ అనకండి. పట్టు వదలమని బుద్ధుడు చెప్పాడు గాని, ఇంకొకరి చేతిలోంచి లాక్కోమని చెప్పలేదు. పిల్ల మొదటి అడుగులు వేసిన జ్ఞాపకం ఆ తండ్రికి ఎంత విలువైనదో చెప్పవలసింది అతడే.

అలా కాక, జబ్బు అతని గ్రహింపునే మింగేసి ఉంటే, నాకు శిక్ష పడాల్సిందే, నేను బతకడానికి అర్హుణ్ణి కాను అన్న ఒక్క మాట దగ్గరే మనసు బిగుసుకుని ఉంటే, అప్పుడు భార్య సమ్మతితో ఈసీటీ ఇప్పించడం కరుణే. ఆ సంతకం పెట్టినందుకు ఆమె జీవితాంతం కుమిలిపోనవసరం లేదు. అయితే ఆమె తనను తాను అడగాల్సిన ప్రశ్న ‘ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు’ అని కాదు, ‘బాగున్నప్పటి ఆయన ఏమని ఉండేవాడు’ అని. మొదటి రెండు మూడు విడతలతో కాస్త తేరుకుని మాట్లాడగలిగితే, మిగతా విడతలకు సమ్మతి అతన్నే అడగాలి.

మనం చేయగలిగింది

ధమ్మ మిత్రులారా, ఆ ప్రశ్నకు భార్య ఊహ మీద ఆధారపడాల్సిన అవసరం లేకుండా చేయవచ్చు. మానసిక జబ్బు వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే రాసిపెట్టుకునే హక్కును 5వ సెక్షన్ ప్రతి పెద్ద మనిషికీ ఇచ్చింది. మార్పిడి కోసం ఎదురుచూసే రోజుల్లో కుటుంబం ఎన్నో కాగితాల మీద సంతకాలు పెడుతుంది. ఆ కట్టలో ఈ కాగితం కూడా ఉండాలి. మన విహారాల్లో చదువుకున్న యువకులు, నర్సులు, న్యాయవాదులు ఉన్నారు. ఆదివారం వందన తర్వాత ఒక గంట కూర్చుంటే పది కుటుంబాలకు ఇది రాసిపెట్టగలరు.

రెండోది ఇంకా సులువు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టిన సంగతి మనందరికీ తెలుసు. నిన్ను ఎవరూ ఎందుకు చూడడం లేదని అడిగితే ఆ భిక్షువు చెప్పిన జవాబును మనం అంతగా పట్టించుకోం: తన వల్ల సంఘానికి ఏ ఉపయోగమూ లేదు, అందుకే ఎవరూ చూడరు. తమ్ముడు మంచం మీద నుంచి చెబుతున్నదీ ఇదే. బుద్ధుడు అతని ఉపయోగం ఎంతో లెక్క వేయలేదు. నీళ్లు తెమ్మన్నాడు.

ఈసీటీ రోజున రోగి పరగడుపున ఉండాలి. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెలకువ వచ్చాక తానెక్కడున్నాడో తెలియక కాసేపు బెదురుతాడు. అప్పుడు ఎదురుగా తెలిసిన ముఖం ఒకటి ఉండాలి. వారానికి మూడుసార్లు, నాలుగు వారాలు. భార్య ఒక్కతే చేయలేదు. అమ్మకు భయం. బావ వస్తే రానివ్వండి, కిడ్నీ మాట ఎత్తకుండా ఉంటే చాలు. మిగతా రోజులు మనం పంచుకుందాం.